తలుపు పక్కన పీట

భిలాయి, సెక్టర్ 7,
8 ఏప్రిల్ 1979.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు పరబ్రహ్మం నమస్కరించి నివేదించుకునే విషయాలు.

ఇక్కడ నేను, మణిమాల, పిల్లలిద్దరు, ఉక్కు కర్మాగారం క్షేమం. విజయనగరంలో నీవూ, నీవు ప్రధానోపాధ్యాయినిగా భరిస్తున్న నాలుగు వందల మంది ఆడపిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ఉగాది సమ్మేళనంలో నా పిల్లల ప్రవర్తనకు సంబంధించినది. ఇక్కడి తెలుగు కుటుంబాలు పద్నాలుగు, ఏటా ఉగాదికి ఒకరి ఇంట్లోనూ, దసరాకు మరొకరి ఇంట్లోనూ కలుసుకోవడం ఆచారమని నీకు తెలుసు. ఈ ఉగాది మా సూపరింటెండెంటు గురునాథరావుగారి ఇంట జరిగింది. అక్కడ రెండు ఘటనలు సంభవించాయి.

మొదటిది: ఐదేళ్ల చిట్టిబాబు గురునాథరావుగారి ఎదుట నిలబడి, "అంకుల్, మీరిప్పటికి ఐదు బొబ్బట్లు తిన్నారు" అని అందరికీ వినిపించేలా ప్రకటించాడు. లెక్క సరైనదే. ఆయన ఆరోది పళ్లెంలో పెట్టేశారు.

రెండవది: ఎనిమిదేళ్ల ఛాయ మేము లోపల అడుగుపెట్టిన క్షణం నుంచి కనబడలేదు. మూడు గంటల తర్వాత వరండాలో తలుపు వెనక, అందరూ విడిచిన చెప్పుల పక్కన కూర్చుని ఉండగా దొరికింది. మా ఫోర్‌మన్ నరసింగరావు తల్లి గున్నమ్మగారు దానిని చూసి, "ఏటమ్మా, ఈ పిల్లకి మాటలు రావేటి?" అని అడిగారు. ఆమెది పాలకొండ వైపు గొంతు. నాలుగు ఇళ్ల అవతలికి వినబడుతుంది. ఆవిడ మనసులో చెడు లేదు. కాని పిల్ల విన్నది. ఆనాటి నుంచి మా ఇంటి తలుపు ఎవరు తట్టినా వెనక గదిలోకి పోయి మంచం అవతల కూర్చుంటున్నది.

అంటే, అక్కయ్యా, నా ఇంట్లో ధైర్యమూ ఉంది, మర్యాదా ఉంది. అయితే అవి వేర్వేరు పిల్లలలో ఉన్నాయి.

రాబోయే దసరా సమ్మేళనం మా ఇంట్లో. ఇంటి పిల్లే మంచం అవతల కూర్చుంటే, "మాటలు రావేటి" అన్న ప్రశ్న పద్నాలుగు ఇళ్లలో జవాబుగా స్థిరపడిపోతుంది. కనుక ఆరు నెలల శిక్షణ కార్యక్రమం తలపెట్టాను. కర్మాగారంలో పదహారు వేల మందికి శిరస్త్రాణం పెట్టుకోవడం నేర్పిన భద్రతా విభాగం అధికారికి ఇద్దరు పిల్లలకు నమస్కారం పెట్టడం నేర్పడం అసాధ్యం కాకూడదు. నీ సలహా కోరుతున్నాను.

చిన్న విషయం ఒకటి. కర్మాగారం మగవాళ్లందరికీ ఒకే రకం నల్లబూట్లు ఇస్తుంది, ముక్కులో ఇనుప తొడుగు ఉంటుంది. ఉచితం, గట్టివి. అందుచేత భిలాయిలో అవే పండుగ బూట్లు కూడా. ఉగాది నాడు నేను తొడుక్కొని వచ్చినవి నావి కావు. ఒక కొలత పెద్దవి. ఎవరివో తెలియదు. అడిగితే తీసుకుపోయానని ఒప్పుకున్నట్లవుతుంది కనుక అడగలేదు. ముందు భాగంలో దూది కుక్కి నడుస్తున్నాను.

ఇట్లు
నీ తమ్ముడు పరబ్రహ్మం

—

విజయనగరం,
21 ఏప్రిల్ 1979.

ఒరే పరబ్రహ్మం,

నీ నివేదిక రెండుసార్లు చదివాను. ఒకసారి హెడ్మిస్ట్రెస్‌గా, ఒకసారి అక్కగా. హెడ్మిస్ట్రెస్ నీకు అక్షరదోషాలు లేవని మంచి మార్కులు వేసింది. అక్క వేయలేదు.

చిట్టిబాబు సంగతి వదిలెయ్. ఐదేళ్లవాడు ఐదు వరకు లెక్కపెట్టాడంటే సంతోషించాలి. ఇంకోసారి లెక్క మనసులో పెట్టుకొమ్మని చెప్పు, చాలు.

ఛాయ సంగతి వేరు. కొందరు పిల్లలు నీళ్లలో దూకుతారు, కొందరు ముందు కాలివేలు పెట్టి చూస్తారు. వేలు పెట్టినవాళ్లను వెనకనుంచి తోస్తే వాళ్లు మళ్లీ గట్టుకు కూడా రారు. దానిచేత పద్యాలు చెప్పించకు. నలుగురి మధ్య నిలబెట్టకు. "నమస్కారం పెట్టమ్మా, పెట్టు, పెట్టు" అని వీపు మీద తట్టకు. ఆ తట్టే చెయ్యి నాకు తెలుసు, మన నాన్నది.

నీకు ఏడేళ్లప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నా పరికిణీ వెనక నిలబడి దణ్ణం పెట్టేవాడివి. వచ్చినవాళ్లు అది నేను పెట్టాననుకుని నన్నే దీవించేవాళ్లు. నాకు అందిన ఆశీర్వచనాలలో సగం నీవే. గుర్తుందా?

ఒక్క ప్రశ్న. మూడు గంటలు ఆ తలుపు వెనక కూర్చుని పిల్ల ఏం చేసిందో అడిగావా?

ఆశీస్సులతో
జ్ఞానప్రసూన

—

భిలాయి, సెక్టర్ 7,
17 జూన్ 1979.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ సూచనలు అందాయి, పరిశీలనలో ఉన్నాయి. పరికిణీకి సంబంధించిన పేరా ప్రస్తుత విషయానికి అనవసరమని భావించి పక్కన పెట్టాను.

శిక్షణ ప్రారంభమైంది. కర్మాగారంలో అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలో ఉత్తుత్తి ప్రమాదాలతో నేర్పుతాము. అదే పద్ధతిని ఇంట్లో అనుసరిస్తున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మణిమాల వెనక తలుపు గుండా బయటకు వెళ్లి, ఇల్లు చుట్టి వచ్చి, ముందు తలుపు తడుతుంది. ఆమె నమూనా అతిథి. పిల్లలు తలుపు తీయాలి, చేతులు జోడించాలి, పేరు చెప్పాలి, కుర్చీ చూపించాలి, మంచినీళ్లు ఇవ్వాలి. తృప్తికరంగా లేకపోతే అతిథి మళ్లీ బయటకు వెళ్లి తిరిగి వస్తుంది. మణిమాల ఒక్కొక్క ఆదివారం ఆరేడుసార్లు తన ఇంటికే చుట్టపుచూపుగా వస్తున్నది. నాలుగో రాకకు ఆమె ముఖంలో అతిథికి ఉండవలసిన ప్రసన్నత తగ్గుతున్నదని ఒక లోపం గమనించాను.

గత ఆదివారం ఒక పొరపాటు జరిగింది. మణిమాల ఇల్లు చుట్టి వచ్చే లోపల నిజమైన అతిథి తలుపు తట్టాడు. నరసింగరావు. వాళ్లమ్మ పంపిన ఆవకాయ జాడీతో వచ్చాడు. చిట్టిబాబు తలుపు తీసి చేతులు జోడించి, "నమస్కారం, నా పేరు చిట్టిబాబు, దయచేసి కూర్చోండి, మంచినీళ్లు తీసుకోండి" అని ఒక్క ఊపిరిలో చెప్పి, గ్లాసు చేతికిచ్చి, అతను తాగిన తర్వాత, "ఇప్పుడు బయటికి వెళ్లి ఫిర్ సే రండి" అన్నాడు.

నరసింగరావు వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. నేను పెరట్లో ఉన్నాను. వచ్చేసరికి అతను నాలుగోసారి బూట్లు విప్పుతున్నాడు.

"ఏటి బాబూ, ఆఫీసర్ల ఇళ్లల్లో ఇలాగేనేటి?" అన్నాడు. "నాకేటీ ఇబ్బంది లేదు గానీ, ఉగాది కాడ్నుంచీ కాళ్లు పొంగిపోనాయి. బూట్లు పట్టట్లేదు. ఇప్పీడం తొడగడం కస్టంగా ఉంది. కొలిమి ఏడికేమో అనుకుంతన్నాను."

క్షమాపణ చెప్పి కూర్చోబెట్టాను. అతను నాలుగోసారి మంచినీళ్లు మర్యాదగా తిరస్కరించాడు.

ఛాయ విషయంలో పురోగతి సంతృప్తికరం. ఆ మేరకు శిక్షణ రిజిస్టరులో రాశాను. దసరా నాడు స్వాగతపద్యం ఒకటి చదివించాలని నిర్ణయించాను. నాలుగే పాదాలు.

నీ తమ్ముడు
పరబ్రహ్మం

—

భిలాయి,
22 జులై 1979.

వదినగారికి,

మణిమాల నమస్కారాలు. ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. సబ్బుల కోసం సెక్టర్ 6 మార్కెట్‌కి వచ్చి, పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. చేతిరాత సరిగా లేకపోతే బల్లదే తప్పు.

ఆయన మీకు "సంతృప్తికరం" అని రాసి ఉంటారు. ఇక్కడ జరుగుతున్నది అది కాదు. పద్యం చదవాలని చెప్పిన రోజు నుంచీ ఛాయ వాళ్ల నాన్నతో మాట్లాడటం లేదు. అలక కాదు, వదినా. అలిగితే మాకు తెలుస్తుంది. నోరు తెరుస్తుంది, మాట రాదు. నాతో మాట్లాడుతుంది, తమ్ముడితో బోలెడు మాట్లాడుతుంది, హిందీలో పోట్లాడుతుంది కూడా. ఆయన ఎదురుగా వస్తే తల ఊపుతుంది, అంతే. ఇరవై రోజులైంది.

ఇదివరకు ఆయన డ్యూటీ నుంచి రాగానే బూట్ల లేసులు అదే విప్పేది, స్కూల్లో జరిగినదంతా అప్పుడే చెప్పేది. ఇప్పుడు లేసులు విప్పి వరండాలో ఆ బూట్ల దగ్గరే కూర్చుంటుంది, చెప్పదు.

ఆయన రిజిస్టరులో "సంతృప్తికరం" అని రాసి, వరండాలోకి వెళ్లి రైలింగు పట్టుకుని నిలబడతారు. మొన్న చిట్టిబాబు వెళ్లి "నాన్నా, మీరు బయటికెళ్లి మళ్లీ రండి, దీదీ మాట్లాడుతుందేమో" అన్నాడు. ఆయన నిజంగానే గేటు దాకా వెళ్లి, తిరిగి వచ్చి తలుపు తట్టారు. ఛాయ తలుపు తీసింది. చేతులు జోడించింది. అంతే.

మీరు చెబితే వింటారు. నేను రాశానని చెప్పకండి.

మీ మరదలు
మణిమాల

—

విజయనగరం,
3 ఆగస్టు 1979.

పరబ్రహ్మం,

నీ జూన్ నివేదికను తిరిగి పరిశీలించాను. అందులో ఉన్నవన్నీ నిజాలే. లేనిది ఒకటి ఉంది. నేను ఇరవైరెండేళ్లుగా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెడుతున్నాను. "సంతృప్తికరం" అని ఎప్పుడు రాస్తారో నాకు తెలుసు. చూడటానికి ధైర్యం చాలనప్పుడు రాస్తారు. నాకు ఎవరు చెప్పారని ఆరా తీయకు.

ఇవి సలహాలు కావు, ఉత్తర్వులు.

పద్యం రద్దు. ఆ మాట దానితో నువ్వే చెప్పు, ఈరోజే చెప్పు, కారణాలు చెప్పకు. ఆదివారం కసరత్తులు కూడా చాలించు. మణిమాలను తన ఇంట్లో తనను కూర్చోనివ్వు.

ఆ తర్వాత, నేను ఏప్రిల్లో అడిగిన ప్రశ్నకు జవాబు తెలుసుకో. అడిగి కాదు. సాయంత్రం వెళ్లి వరండాలో దాని పక్కన నేల మీద కూర్చో. చేతిలో రిజిస్టరు వద్దు. ఏదో ఒకటి చెప్పాలని చూడకు. అది ఏం చూస్తుంటే నువ్వూ అదే చూడు. ఎన్ని రోజులు పట్టినా సరే.

మా బడిలో ఒకమ్మాయి రెండేళ్లు నోరు విప్పలేదు. ఒక రోజు వచ్చి, "అమ్మగారూ, మూడో పీరియడ్ గంట రోజూ రెండు నిమిషాలు ఆలస్యంగా కొడుతున్నారు" అని చెప్పింది. నిజమే. రెండేళ్లుగా ఆ సంగతి చూసింది అదొక్కతే.

జ్ఞానప్రసూన

—

భిలాయి, సెక్టర్ 7,
9 సెప్టెంబరు 1979.

అక్కయ్యకు,

17 జూన్ నాటి నా నివేదికలో "సంతృప్తికరం" అన్న పదాన్ని ఉపసంహరించుకుంటున్నాను. దాని స్థానంలో ఏ పదం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఉత్తరం రాయలేదు.

పద్యం రద్దు చేశాను. ఛాయ తల ఊపింది. కసరత్తులు రద్దు చేశాను. మణిమాల ఆ రోజు రెండు కూరలు చేసింది.

వరండాలో కూర్చున్నాను. నేను డ్యూటీ నుంచి వచ్చి విడిచిన బూట్లు ఎదురుగా ఉంటాయి, ఛాయ వాటినే చూస్తూ కూర్చుంటుంది, నేనూ చూశాను. నలభై నాలుగేళ్ల వయసులో ఒక జత బూట్లను అరగంట సేపు నిర్విరామంగా చూడడం నాకు ఇదే ప్రథమం. ఇలా కొన్ని వారాలు గడిచాయి. మధ్యలో వానలు, దోమలు. పొరుగింటివారు ఒకసారి ఆరోగ్యం విచారించారు.

గత మంగళవారం జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

"నాన్నా," అన్నది.

నేను "ఊఁ" అన్నాను.

"ఈ బూట్లు నీవి కావు."

"తెలుసు."

"ఎవరివో తెలుసా?"

"తెలియదు."

"గురునాథరావు అంకుల్‌వి. చూడు, ఎడమది మడమ దగ్గర లోపలివైపు అరిగింది. అంకుల్ అలాగే నడుస్తారు. లేసు కూడా అంకుల్ రెండు ముళ్లు వేస్తారు. నువ్వు ఒకటే వేస్తావు."

"మరి నావి?"

"నరసింగరావు అంకుల్ వేసుకుంటున్నారు. అందుకే ఆయనకి పట్టట్లేదు. ఆయనవి గురునాథరావు అంకుల్ దగ్గరున్నాయి."

"నీకెలా తెలుసమ్మా?"

"ఉగాదికి అన్నీ చూశాను కదా. అందరివీ నాకు తెలుసు. ఆంటీలవీ తెలుసు. ఎవరివి ఎవరు వేసుకెళ్లిపోయారో అదీ చూశాను."

"మరి ఐదు నెలలుగా చెప్పలేదేం?"

ఛాయ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు నమస్కారం గురించే అడిగావు కదా నాన్నా."

అక్కయ్యా, ఆ తర్వాత అది అరవై రోజుల మాటలు ఒక్కసారిగా చెప్పింది. స్కూల్లో ఎవరెవరు ఏ కాలు ఈడ్చి నడుస్తారు, పాల భయ్యా చెప్పు ఎక్కడ తెగింది, అన్నీ. మణిమాల తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నం కొంచెం మాడింది. అందరం తిన్నాం.

ఇందులో నా ఉద్యోగానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. భద్రతా వారోత్సవంలో "సరైన కొలత బూటు, సురక్షితమైన అడుగు" అనే విషయం మీద నేను నలభై నిమిషాలు ప్రసంగించాను. అధ్యక్షత వహించినవారు గురునాథరావుగారు. ఆ నలభై నిమిషాలూ నేను నిలబడినది ఆయన బూట్లలో, దూదితో.

"గురునాథరావు అంకుల్‌కి చెప్తావా?" అని ఛాయ అడిగింది.

"తగిన సమయంలో" అన్నాను.

"నీకు భయమా నాన్నా?"

ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు రిజిస్టరులో నమోదు చేయలేదు.

దసరాకు దానిని ఏమీ చేయమని అడగను. నమస్కారం ఐచ్ఛికం. తాను మాత్రం ఒక్కటి కోరింది, తలుపు పక్కన ఉంటానని. మంజూరు చేశాను.

నీ తమ్ముడు
పరబ్రహ్మం

—

విజయనగరం,
17 సెప్టెంబరు 1979.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో చదువుతూ నవ్వాను. హెడ్మిస్ట్రెస్ నవ్వడం చూసి ఇద్దరు టీచర్లు సెలవు అడిగారు. ఇచ్చేశాను.

తలుపు పక్కన ఒక పీట వేయించు. మంచి పీట, పండక్కి పసుపు రాసి ముగ్గు పెట్టినది. అదే చోట ఉత్త నేల మీద కూర్చుంటే దాక్కున్నారంటారు, పీట వేసి కూర్చుంటే కూర్చోబెట్టారంటారు. పిల్లకు ఆ తేడా తెలుస్తుంది. వచ్చినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

గున్నమ్మగారి మీద కోపం పెట్టుకోకు. ఆవకాయ పంపింది కదా. మాట జారిన మనిషి జాడీ పంపుతుంది.

నీ భయం సంగతి నాకు కొత్త కాదు.

అక్క

—

భిలాయి, సెక్టర్ 7,
7 అక్టోబరు 1979.

పూజ్యురాలైన అక్కయ్యకు,

విజయదశమి సమ్మేళనంపై తుది నివేదిక.

పద్నాలుగు కుటుంబాలూ హాజరు. పీట ఏర్పాటు చేయబడింది. ఛాయ నీవు పంపిన నీలం పరికిణీ కట్టుకొని దాని మీద కూర్చుంది. పర్యవేక్షణ నిమిత్తం మొదటి గంట నేను కూడా ద్వారం వద్దనే ఉన్నాను. వచ్చినవారు చెప్పులు విడుస్తూ పిల్లను చూసి నవ్వారు. అది వారి పాదాలను చూసింది. నమస్కారాలు ఐచ్ఛికంగానే ఉండి, సంభవించలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను, వీపు తట్టకుండా.

ఐదున్నరకు హఠాత్తుగా వాన. గాలికి జల్లు వరండా అంతా కొట్టింది. లోపల ఉన్న మగవాళ్లందరూ ఒక్కసారిగా లేచి బూట్లను రక్షించడానికి పరుగెత్తారు. ఇంత సమష్టి కృషిని నేను కర్మాగారంలో కూడా చూడలేదు. చేతికి అందినవి అందినట్లు మోసుకొచ్చి ముందుగదిలో కుప్ప పోశారు. వాన వెలిసి, ఆరున్నరకు సెలవు తీసుకునే వేళకు అక్కడ ఇరవై ఎనిమిది నల్లబూట్ల గుట్ట ఉంది. ఏ కుడిదానికి ఏ ఎడమదో ఆ గుట్టకే తెలియాలి.

పద్నాలుగు మంది విద్యావంతులు దాని చుట్టూ వలయంగా నిలబడ్డారు.

"ముందు మీరు తీసుకోండి" అన్నారు ఒకరు.

"అయ్యో, పెద్దలు, మీరు ముందు" అన్నారు ఇంకొకరు.

అందరిలోనూ ఉగాది నాటి అనుమానం కదులుతున్నది. ముందు తీసుకున్నవాడి మీదే నింద పడుతుంది. ఆడవాళ్లు పిల్లలను ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయారు. మర్యాద వలన ఎవరూ కదలలేదు. ఏడు నిమిషాలు. చిట్టిబాబు నా చొక్కా లాగి, "నాన్నా, వీళ్లు ఎప్పుడు వెళ్తారు?" అన్నాడు. లెక్క మనసులో పెట్టుకోవడం వాడికింకా అలవాటు కాలేదు.

అప్పుడు ఛాయ పీట మీద నుంచి లేచింది. వలయం మధ్యలోకి వచ్చింది. గుట్ట ముందు కూర్చుని, ఒక బూటు తీసి మడమ చూసి, ఇంకొకటి తీసి, జత కలిపి, రెండు చేతులతో పట్టుకుని నరసింగరావు ముందు పెట్టింది.

"నమస్కారం నరసింగరావు అంకుల్. ఇవి మీవి."

మాట చిన్నదే. కాని గది అంత నిశ్శబ్దంగా ఉండటం వల్ల వంటింటి దాకా వినబడింది.

నరసింగరావు కాలు పెట్టాడు. అతని ముఖం ఆరు నెలల తర్వాత విడుదలైన మనిషి ముఖంలా అయింది. "ఒలమ్మ. కాళ్లు పొంగలేదర్రా. బూట్లే తప్పు."

తర్వాత జత గురునాథరావుగారికి. "నమస్కారం అంకుల్. ఇవి మీవి."

ఆయన వంగి చూశారు. "కాదమ్మా, నేను వేసుకొచ్చినవి అవి, ఇప్పుడు నరసింగరావు తొడుక్కున్నవి."

"అవి నరసింగరావు అంకుల్‌వే. మీవి ఇవి. ఉగాది నుంచీ మా నాన్న వేసుకుంటున్నారు." తర్వాత, న్యాయంగా ఉండాలనుకుని కాబోలు, "లోపల దూది ఉంది, తీసేస్తాను" అని దూది తీసి నా చేతికిచ్చింది.

నేను దూది పట్టుకొని నిలబడ్డాను. గురునాథరావుగారు బూట్లు తొడుక్కొని, నాలుగడుగులు నడిచి, ఆగారు.

"ఆరు నెలలుగా మడమ నొప్పి, పరబ్రహ్మంగారూ. వయసనుకున్నాను. ఎక్స్‌రే కూడా తీయించాను." నా వైపు తిరిగారు. "సరైన కొలత బూటు గురించి మీరు నలభై నిమిషాలు మాట్లాడారు."

"అవునండి."

"ఈ బూట్లలోనేనా?"

"అవునండి."

"బాగా మాట్లాడారు," అన్నారు. నవ్వలేదు. కాని ఆయన భుజాలు గేటు దాకా కదులుతూనే ఉన్నాయి.

మిగిలిన పన్నెండు జతలనూ ఛాయ ఒక్కొక్కరి ముందు పెట్టింది, పేరు పెట్టి పిలుస్తూ, నమస్కారం చెబుతూ. నా జత నా ముందు పెట్టినప్పుడు కూడా "నమస్కారం నాన్నా" అన్నది. నేను ప్రతినమస్కారం చేశాను. ఒక్క పొరపాటు లేదు. పద్నాలుగు మందిలో ఎవరూ ఆ పిల్లకు మాటలు రావా అని అడిగే స్థితిలో లేరు. తమకే రావడం లేదు.

చివరకు గుమ్మంలో కూర్చున్న గున్నమ్మగారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ హవాయి చెప్పులు వాన తగలని మూలన ఛాయ ముందే దాచి ఉంచింది.

"నమస్తే మామ్మా. మీ ఎడమ చెప్పుకి ఎర్ర దారం కట్టుకున్నారు కదా, అది ఊడిపోతోంది. నేను మళ్లీ కట్టాను. గట్టిగా ఉందో లేదో చూసుకోండి."

గున్నమ్మగారు చెప్పు చేతిలోకి తీసుకుని దారం లాగి చూశారు.

"నా కొడుక్కి తెల్దు. నా కోడలికి తెల్దు," అన్నారు. ఆమె గొంతు మొదటిసారి ఆ గదికి మాత్రమే వినబడింది. "నా సెప్పుకి దారం కట్టుకున్నానని ఈ పిల్లకెలాగ తెలిసిందిరా?" అని ఛాయ చెయ్యి పట్టుకుని, "ఒలమ్మా, ఉగాదికి మా ఇంట్లో. గుమ్మం కాడ నీకు పీటేస్తాను. నువ్వు రాకపోతే ఎవురి బూట్లు ఆళ్లకి అందవు" అన్నారు.

ఛాయ ఆలోచించింది. "వస్తాను. బొబ్బట్లు చేస్తారా?"

"ఎన్ని కావాల?"

చిట్టిబాబు నోరు తెరిచాడు. మణిమాల మూసింది.

కార్యక్రమం ముగిసింది. రిజిస్టరులో చివరి పుట ఖాళీగా ఉంచాను. రాయడానికి తగిన పదం భద్రతా విభాగం వద్ద లేదు. ఈ కవరులో ఛాయ నీకు రాసిన కాగితం ఒకటి జతపరుస్తున్నాను. నేను చదవలేదు. చదవవద్దన్నది.

నీ తమ్ముడు
పరబ్రహ్మం

—

అత్తయ్యకి,

ఛాయ నమస్కారం. పరికిణీ చాలా బాగుంది. తెలుగులో రాస్తున్నాను, తప్పులుంటే ఎర్ర ఇంకు పెట్టొద్దు.

పండగ రోజు బహుత్ మజా వచ్చింది. నాన్న మీకు అంతా రాశారని చెప్పారు. కానీ ఒకటి రాయలేదని నాకు తెలుసు. అందరూ వస్తున్నప్పుడు నాన్న లోపలికి వెళ్లలేదు. నా పక్కన నేల మీద కూర్చున్నారు. "పర్యవేక్షణ" అన్నారు. గంట సేపు. ఎవరు వచ్చినా కిందకి చూస్తూ లేసులు సర్దుకుంటున్నారు. ఆయన కాళ్లకి బూట్లే లేవు, విప్పేసి ఉన్నాయి.

నేను అడిగాను, నాన్నా భయమా అని. ఇంతకు ముందు అడిగితే నవ్వేశారు. ఈసారి "కొంచెం" అన్నారు. చిన్నప్పటి నుంచి అన్నారు. అప్పుడు మీ పరికిణీ వెనక నిలబడేవాళ్లట కదా. ఇది మీరు పంపిన పరికిణీయే కాబట్టి పర్వాలేదు అని నేను చెప్పాను.

తర్వాత నాకు తెలిసింది చెప్పాను. ముందు కాళ్లు చూడాలి. కాళ్లు చూస్తే ఎవరో తెలిసిపోతుంది. తెలిసినవాళ్లైతే తర్వాత మొహం చూడటం ఈజీ. నాన్న ట్రై చేశారు. గురునాథరావు అంకుల్ కాళ్లు చూసి, మొహం చూసి, "నమస్కారమండీ, దయచేయండి" అన్నారు. బాగానే అన్నారు.

తర్వాత నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చాను. మళ్లీ వచ్చి నా పీట మీద కూర్చున్నాను.

మీరు మా ఇంటికి ఎప్పుడొస్తారు? వచ్చేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రండి. కొత్తవి వద్దు.

ఛాయ
సెక్టర్ 7, భిలాయి